మారివిక్ చేతి బోణీ

డోరో బాబాయిని చంపినవాడు పెళ్లికొడుకు తమ్ముణ్ణని చెప్పుకుని లోపలికొచ్చాడు.

అనుమానించడానికి ఏముంది? క్యూజాన్ సిటీలో, బేకరీ పై అంతస్తులో, 'ఫరెవర్ యువర్స్ పెళ్లి వీడియోలు' అని గులాబి రంగు బోర్డు పెట్టుకున్న దుకాణానికి పెళ్లికొడుకుల తమ్ముళ్లు కాక ఇంకెవరొస్తారు? అప్పుడింకా తెల్లవారుతోంది, బాబాయి వేడి పాండెసాల్ రొట్టె తుంచి కాఫీలో ముంచుతున్నాడు. "కూర్చో నాయనా, ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. ఈ ఊళ్లో గుమ్మంలోకొచ్చిన వాణ్ణి పలకరించే పద్ధతే అది. వచ్చినవాడు సైలెన్సర్ బిగించిన పిస్తోలుతో జవాబు చెప్పాడు. తర్వాత వెనక గదిలోకి నడిచి, అక్కడున్న కంప్యూటర్ మూత ఊడదీసి, లోపలి నుంచి ఒక కార్డ్‌ను తీగతో సహా పీక్కుని, మెట్లు దిగి, కింద బేకరీలో రొట్టె కొనుక్కుని మరీ వెళ్లాడు. అంత నిదానం వెధవకి.

కాసేపటికే ఏజెంట్ లియాండ్రో మకారేగ్ ఆ గదిలో నిలబడి ఉన్నాడు. నేల తుడిచేశారు గానీ కాఫీ గ్లాసు తియ్యడం మర్చిపోయారు. గూఢచారి బ్యూరోలో చేరిన కొత్తలో తనకు అన్నం పెట్టి పని నేర్పిన మనిషి డోరో బాబాయి. ఈ పెళ్లి వీడియోల దుకాణం ఆ బ్యూరో వేసుకున్న ముసుగు. ఏడవడానికి కూడా టైమివ్వకుండా మేడమ్ అబాద్ బ్రీఫింగ్ మొదలుపెట్టింది. ఆవిడ బ్యూరో ఛీఫ్. ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది, ఎదుటివాళ్లను కూడా కూర్చోనివ్వదు.

"ఈ డ్రైవ్ చూడు. కోరల్ ముఠాలో దూరిన మనవాడు ప్రాణం మీదకు తెచ్చుకుని బయటికి పంపాడు. ఈ రోజు రేవు నుంచి వెళ్లే పడవల్లో ఒకదాంట్లో బాంబు పెట్టారు. ఏ పడవో, ఎక్కడ పెట్టారో ఇందులో ఉంది. మన ఇంట్లో వాళ్లకి అమ్ముడుపోయిన మనిషెవరో కూడా ఉంది."

"పడవలన్నీ ఆపేస్తే?"

"రేవులో వాళ్ల మనుషులున్నారు. ఆపామంటే మనకి తెలిసిపోయిందనుకుని ఉన్నచోటే పేలుస్తారు. సెలవులు మొదలయ్యాయి, పిల్లాజెల్లా అంతా అక్కడే ఉన్నారు. మొదటి పడవ మధ్యాహ్నం పన్నెండింటికి. ఆలోపు డ్రైవ్ తెరవాలి."

"ఇంకో మ్యాక్ కంప్యూటర్‌లో పెట్టి..."

"తెరుచుకోదు. మనవాడికిచ్చే ముందు డోరో దానికి తాళం వేసింది ఈ యంత్రంతోనే, తియ్యాల్సిందీ ఇదే. అందుకేగా ఆ హంతకుడు వచ్చి డ్రైవ్ కోసం వెతక్కుండా దీని మీద పడ్డాడు."

ఆ యంత్రం సంగతి ఇక్కడ చెప్పాలి. దాని పుట్టుకే దొంగ పుట్టుక. అసలు మ్యాక్ కొంటే ఎవరి పేరునో కొనాలి, ఆ పేరు ఎక్కడో నమోదవుతుంది, గూఢచారులకు అది గిట్టదు. అందుకని డోరో బాబాయి గిల్మోర్ బజారులో విడిభాగాలు కొనుక్కొచ్చి కూర్చి, లేని సీరియల్ నంబరొకటి కల్పించి, 'నువ్వు మ్యాక్‌వి' అని దాన్ని నమ్మించాడు. నమ్మింది. స్క్రీన్ వెలిగేది, పెళ్లి వీడియోలు పరిగెత్తేవి. డ్రైవ్ తగిలించే థండర్‌బోల్ట్ ఒక్కదాని దగ్గరే పేచీ. అసలు మ్యాక్‌కు ఆ రంధ్రం పుట్టుకతోనే ఉంటుంది, అందులో డ్రైవ్ తీగ గుచ్చితే చాలు. దీనికి విడిగా కార్డ్ తగిలించాలి, ఆ కార్డ్‌ని మదర్‌బోర్డ్ ఒప్పుకోవాలి, ఆ ఇద్దరి కాపురాన్ని మ్యాక్ ఓఎస్ ఒప్పుకోవాలి. ముగ్గురికీ మూడు అలకలు.

"ఆ కార్డ్‌ని లొంగదీసేవాళ్లు డోరో పోయాక ఒక్కరే మిగిలారు," అంది మేడమ్ అబాద్ కిటికీ వైపు చూస్తూ. "సెబూ నుంచి పొద్దుటి విమానానికి రమ్మన్నాను."

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. లియాండ్రో చెయ్యి దానంతటదే చొక్కా ముడతలు సర్దింది.

మారివిక్ టాన్సెకో మెట్లెక్కుతుంటే కింద బేకరీలో రొట్టెలు లెక్కబెడుతున్న కుర్రాళ్లు లెక్క తప్పారు. నిమ్మపండు రంగు గౌను, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. ఏజెంటన్నవాళ్లు జనంలో కలిసిపోవాలని పాఠాల్లో చెబుతారు. ఆమె ఎప్పుడూ కలిసిపోలేదు. అందరూ ఆమె ముఖమే చూసేవాళ్లు, చేతులేం చేస్తున్నాయో చూసేవాళ్లు కాదు. అదీ ఆమె విద్య.

తలుపవతల నుంచి సంకేతపు మాట వినిపించింది. "పెళ్లికూతురు ఎటువైపు నిలబడింది?"

"కెమెరా ఎటుంటే అటు," అని లియాండ్రో గడియ తీశాడు.

ఆమె కళ్లద్దాలు తీసి అతన్ని పైనుంచి కింద దాకా చూసింది. "బాగున్నావా?"

"బాగానే ఉన్నా."

"అబద్ధం. చొక్కాకి ఇస్త్రీ లేదు."

రెండేళ్లు ఆ దుకాణంలో వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలుగా నటించారు. అది బ్యూరో ఇచ్చిన వేషం. ఊళ్లోవాళ్ల పెళ్లి వీడియోలన్నీ కోసి కుట్టారు. ఒకే పళ్లెంలో వెల్లుల్లి వేసి వేయించిన సినాంగాగ్ అన్నం తిన్నారు, ఒకరి మీద ఒకరు కేకలేసుకున్నారు, చుట్టుపక్కల అమ్మలక్కలు పిల్లలెప్పుడని అడిగితే ఇద్దరూ సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు నటన కాదు. వేషం ముగిసిన రోజున ఆమె అడిగింది, "ఇప్పుడు మనం ఎవరం, లియాండ్రో?" అని. "ఆర్డర్స్ రానీ, చూద్దాం," అన్నాడు మహానుభావుడు. మర్నాడు ఆమె సెబూకి బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట గుర్తొచ్చినప్పుడల్లా అతనికి తన మూతి తనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మారివిక్ కళ్లు బల్ల మీది కాఫీ గ్లాసు మీద పడ్డాయి. జరిగింది మేడమ్ అబాద్ చెప్పింది. నిలబడ్డచోటే కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "బాబాయినా? బాబాయిని ఎందుకు? ఆయనేం చేశాడు?" మళ్లీ మళ్లీ అదే మాట. లియాండ్రో ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏ హక్కుతో వెయ్యాలో తెలియక వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మాయ్, ఏడుపు తర్వాత," అంది మేడమ్ అబాద్. "నేను రేవుకి పోతున్నా. తెరుచుకోగానే ఫోన్ చెయ్యండి."

మారివిక్ ముఖం తుడుచుకుని సంచిలోంచి కార్డ్ ఒకటి తీసింది. "ఇది సెబూలో నా దగ్గరున్నది. దీంతో అయిపోతుంది." మూత తీసి యంత్రంలోకి తొంగిచూసి పెదవి విరిచింది. "తీగ తెంపుకుపోయాడు. కార్డ్‌ని బోర్డుకి కలిపే సన్నతీగ. నా దగ్గరున్నదానికి మూడు పిన్నులే, ఈ బోర్డుకి అయిదు కావాలి. గిల్మోర్ వెళ్లాలి పద."

గిల్మోర్‌లో అప్పుడప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. లియాండ్రో ఒంటి మీద వీడియోవాడి జేబుల కోటు, మెడలో కెమెరా. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని నడిచింది, పాత అలవాటు. ఆ కాసేపూ అతనికి బాంబు గుర్తులేదు, ఎవరేమనుకున్నా సరే. ఈ పని అయిపోయాక అడిగేస్తాను, ఆర్డర్లు లేకపోయినా అడిగేస్తాను అనుకున్నాడు.

పెపింగ్ పిన్ని కొట్టు అగ్గిపెట్టెంత. లోపల ఆవిడా, ఒక ఫ్యానూ, గోడల నిండా వేలాడే తీగలూ. గిల్మోర్‌లో తొలి బేరాన్ని ఎవరూ పోగొట్టుకోరు. మొదటి మనిషి వట్టి చేతులతో దాటిపోతే రోజంతా దరిద్రమని నమ్మకం. అడిగింది లేకపోతే పక్క కొట్టు నుంచి తెచ్చైనా ఇస్తారు, దాచుకున్నదైనా తీసిస్తారు. అది తెలిసినవాళ్లు అరుదైన సరుకు కావాలంటే పొద్దున్నే వస్తారు.

"అయిదు పిన్నుల తీగా? ఎవరడుగుతార్రా ఈ రోజుల్లో," అంటూనే పిన్ని బల్ల కిందికి దూరి, దుమ్ము కొట్టుకుంటూ ఒక చిన్న కవరుతో లేచింది. "ఉంది. నీ అదృష్టం. బోణీ కాబట్టి బయటికి తీశా."

మారివిక్ ఇచ్చిన నోటు అందుకుని పిన్ని, బోణీ కలిసిరావాలని దాన్ని తీగల మీదా, ఫ్యాను మీదా, గల్లాపెట్టె మీదా తట్టింది. తర్వాత ఆప్యాయంగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"చల్లని చెయ్యి తల్లీ నీది. మొన్న నీ చేతి బోణీ అయ్యాక సాయంత్రం దాకా ఊపిరి తిప్పుకోలేదనుకో. ఆ ఎనిమిది కాళ్ల క్లిప్పు పనిచేసిందా? రోజూ నువ్వే వచ్చి పోవే."

మారివిక్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నవ్వింది కూడా. "నేను కాదు పిన్నీ, ఇంకెవరో అయ్యుంటారు."

"బోణీ చేసిన మొహాన్ని మర్చిపోతానా?" అంది పిన్ని, కాస్త చిన్నబుచ్చుకుని. "మిగతావాళ్లెవరూ గుర్తుండరు గానీ."

లియాండ్రో మనసులో రోజులు లెక్కబెట్టాడు. మొన్న. సెబూ నుంచి ఈ పొద్దున దిగిన మనిషి మొన్న ఇక్కడుంది. ఎనిమిది కాళ్ల క్లిప్పంటే ఏమిటో అతనికి తెలుసు. కార్డ్ మీదుండే చిప్‌ను దాంతో పట్టుకుని, లోపలి రాతను చెరిపి వేరే రాత రాస్తారు. మంచికే రాసి ఉంటే మొన్న ఇక్కడున్న సంగతి దాచేది కాదు. అంటే ఆమె సంచిలో ఉన్న కార్డ్ మామూలు కార్డ్ కాదు. డ్రైవ్ తగిలించగానే అందులోని సమాచారాన్నంతా తుడిచిపారేసే కార్డ్. ఇంట్లో అమ్ముడుపోయిన మనిషెవరో డ్రైవ్ తెరవకుండానే తెలిసిపోయింది.

అరవాలనిపించింది. అరవలేదు. ఇప్పుడు ఈమెను పట్టుకుంటే ఆ యంత్రాన్ని లేపే చేతులు ఇంకెక్కడా లేవు, పన్నెండింటికి పడవ వెళ్లిపోతుంది. పిన్ని వైపు తిరిగి అన్నాడు:

"పిన్నీ, ఇలాంటి కార్డ్ కొత్తది నీ దగ్గరుందా? సీలు విప్పనిది?"

మారివిక్ అతని వైపు చూడలేదు. పిన్ని మటుకు బోణీ రెట్టింపయిందని మురిసిపోయింది.

జనాన్ని ఎదురెదురు బల్లల మీద కుక్కుకుపోయే జీప్నీ బండిలో ఇద్దరూ మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. ఆమె అత్తరు అదే, మారలేదు. అది అతనికి మరీ బాధనిపించింది.

దుకాణంలోకి రాగానే లియాండ్రో తలుపు గడియ పెట్టాడు. కొత్త కార్డ్ సీలు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది పెట్టు."

"అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. నాదైతే సర్దిపెట్టుకున్నది, వెంటనే లేస్తుంది. ఇది మొండిది. చాలాసేపు బతిమాలాలి."

"బతిమాలుదాం. ఇదే పెట్టు."

మారివిక్ కార్డ్‌ను చూసింది, అతని ముఖం చూసింది. ఇంకేముంది, ఇద్దరికీ అర్థమైపోయింది. ఆమె చెప్పులు విప్పి మూలకు తోసి, జుట్టు ముడేసుకుని, స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపింది. అతను అందించాడు. రెండేళ్లు అలాగే అందించాడు.

"పడవ సంగతి కోరల్ వాళ్లు నాకు చెప్పలేదు," అంది, యంత్రంలోకి వంగి. "వట్టి కాగితాలన్నారు, పేర్లన్నారు. బాబాయిని ఊళ్లో లేకుండా పంపిస్తామన్నారు. నేను నమ్మాను."

"ఎందుకు మారివిక్?"

"నువ్వు ఆర్డర్స్ రావాలన్నావు. ఆ ముఠావాడొకడు 'నువ్వు నాకు కావాలి' అన్నాడు. అదీ అబద్ధమేనని తర్వాత తెలిసింది. ఆ స్క్రూ ఇటివ్వు."

స్క్రూ ఇచ్చాడు.

మొదటిసారి యంత్రం లేచింది గానీ కార్డ్‌ని అసలు చూడనే లేదు. మారివిక్ తల కొట్టుకుంది. "నీ తొందరలో నేను పై స్లాట్‌లో గుచ్చేశా. ఈ బోర్డు కింద స్లాట్‌లో ఉంటేనే పలుకుతుంది." విప్పి కిందికి మార్చింది. అయిదు పిన్నుల తీగ బిగించింది. బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి థండర్‌బోల్ట్‌కున్న కాపలా తీసేసింది. "డ్రైవ్ ముందే తగిలించు. యంత్రం లేచాక తగిలిస్తే ఈ కార్డ్ గుర్తుపట్టదు, పొద్దున్న లేచేసరికి ఇంట్లో ఉన్నవాళ్లనే మనుషులనుకునే రకం." తగిలించాడు. రెండోసారి మ్యాక్ తెర వచ్చింది. డ్రైవ్ రాలేదు.

గోడ మీద గడియారం పదకొండున్నర దాటింది.

"ఇప్పుడు?"

"ఇందులో విండోస్ కూడా ఉంది, ముందు అందులో లేపాలి. కార్డ్‌ని అదే మేలుకొలుపుతుంది. మేలుకున్నాక, కరెంటు తియ్యకుండా, రీస్టార్ట్ ఒక్కటే కొట్టి మ్యాక్‌లోకి రావాలి. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ నిద్రపోతుంది."

విండోస్ లేచింది. కార్డ్ మేలుకుంది, డ్రైవ్ మీద చిన్న దీపం వెలిగింది. మారివిక్ రీస్టార్ట్ కొట్టింది. తెర నల్లబడిన ఆ క్షణంలోనే వీధంతా కరెంటు పోయింది. ఈ ఊరి కరెంటుకు అదేం పోయేకాలమో, పోవాల్సినప్పుడే పోతుంది. ఫ్యాను ఆగింది, కింద బేకరీలో ఎవరో విసుగ్గా అరిచారు. బల్ల కింద పాత యూపీఎస్ మాత్రం కుయ్యి కుయ్యిమంటూ యంత్రాన్ని పట్టుకుని నిలబడింది.

"ఎంతసేపు ఆగుతుంది?"

"బ్యాటరీ మార్చమని బాబాయికి ఎన్నిసార్లు చెప్పానో," అంది ఆమె.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నామన్న సంగతి కూడా గమనించలేదు. మ్యాక్ తెర వచ్చింది. మూలన డ్రైవ్ బొమ్మ వచ్చింది. మారివిక్ వేళ్లు మీటల మీద పరిగెత్తాయి. తాళం తెరుచుకుంది. 'సాంటా ఎలేనా', బకోలోడ్ వెళ్లే పడవ. కింద వాహనాల డెక్. ఐసు చేపల వ్యాను, నీలం రంగు. ఆ కిందనే ఒక ఫొటో. నిమ్మపండు రంగు గౌను, నల్ల కళ్లద్దాలు. ఫొటో బాగానే వచ్చింది.

కుయ్యిమనడం ఆగిపోయింది. తెర చచ్చిపోయింది.

లియాండ్రో అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. "సాంటా ఎలేనా, మేడమ్. నీలం చేపల వ్యాను. వాహనాల డెక్."

మేడమ్ అబాద్ రేవులో ఎండుచేపలమ్మే ఆవిడ వేషంలో ఉంది. ఫోన్ అలాగే చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి పరిగెత్తింది. గాలి, కేకలు, పడవ సైరన్ అన్నీ వినిపించాయి. తాళ్లు విప్పుతున్నారు, వంతెన పలక లేస్తోంది. దాని మీదికి దూకింది ఆ వయసులో. వ్యాను డ్రైవరు దిగి, ఒడ్డుకు గెంతబోతూ చేతిలో రిమోట్ తీశాడు. వాడి బొటనవేలు మీట మీద పడేలోపు ఆవిడ ఎండుచేపల బుట్ట వాడి మొహాన పడింది, ఆ వెనకే ఆవిడ పడింది. కూలీల వేషాల్లో ఉన్న మనవాళ్లు మిగతా పని చూసుకున్నారు. పైన జనం ఒడ్డునున్నవాళ్లకి చేతులూపుతూనే ఉన్నారు, కింద ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు.

"అయిపోయింది," అంది మేడమ్ అబాద్ ఆయాసపడుతూ. "రిమోట్ మన చేతిలో ఉంది. బాగా చేశారు ఇద్దరూ. ఇంక చెప్పు. మన ఇంట్లో దొంగెవరు?"

లియాండ్రో నల్లబడిన తెర వైపు చూశాడు. యంత్రం చచ్చిపోయింది, ఫొటో చూసింది తామిద్దరే. కార్డ్ మొండిది, మళ్లీ లేవలేదని చెప్పొచ్చు. చెబితే ఎవరు కాదంటారు? ఒక్క అబద్ధం. వృత్తిలో రోజూ ఆడేదే.

"లియాండ్రో? వినబడుతోందా?"

మారివిక్ అతని కళ్లలోకి చూసింది. అతనేం ఆలోచిస్తున్నాడో ఆమెకు తెలుసు, ఆ సంగతి ముఖంలో కనిపించింది. మెల్లగా అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మేడమ్, నేను మారివిక్‌ని. నేనే. మీ మనుషుల్ని పంపండి, ఇక్కడే ఉంటాను." పెట్టేసి, ఫోన్ అతని చొక్కా జేబులో వేసింది. "నీకు అబద్ధం ఆడటం రాదు. ఏజెంటువి ఎలా అయ్యావో గానీ."

"నువ్వు కావాలి నాకు," అన్నాడు లియాండ్రో. ఏడుస్తున్నాడు, దాచుకోలేదు. "ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. నేనే అంటున్నా."

"విన్నాను," అంది మారివిక్. చెప్పులు వేసుకుంది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు అయ్యేదాకా అతని పక్కనే నిలబడింది.

నెల తిరిగాక పేరు నమోదయ్యే గొడవ కూడా పక్కన పెట్టి బ్యూరో అతనికి అసలైన మ్యాక్ పంపింది, సీలు కూడా విప్పనిది. లియాండ్రో థండర్‌బోల్ట్ తీగ గుచ్చాడు. డ్రైవ్ వెంటనే వచ్చేసింది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, అందించడానికి ఇంకో మనిషి అక్కర్లేదు, బతిమాలాల్సిన పని లేదు.

"ఎలా ఉంది?" అని ఫోన్ చేసింది మేడమ్ అబాద్.

"బాగుంది మేడమ్. ఇబ్బందేమీ లేదు."

ఫోన్ పెట్టేసి పెట్టెలో వచ్చిన సూచనల కాగితాలన్నీ రెండుసార్లు చదివాడు. పెట్టగానే పనిచేసే వస్తువు ముందు కూర్చుని మనిషి సాయంత్రం దాకా ఏం చెయ్యాలో అందులో ఎక్కడా రాయలేదు.